క్లూనగ్రేన్ కిటికీ తెరలు

గురువారం పొద్దున ఆరు గంటలకు అట్రాక్టా గెరటీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి డబ్లిన్ నుంచి పాత భవనాల శాఖ అధికారి వస్తాడు. ఆయనకు ఇల్లు చూపించాలి, టీ ఇవ్వాలి, ఇంటావిడ నోరు తెరవకుండా చూడాలి, మర్యాదగా సాగనంపాలి. క్లూనగ్రేన్ బంగళాలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వంట, వడ్డన, ఊడ్పు, తాళాలు అన్నీ ఒంటి చేత్తో చూసుకుంటున్న మనిషికి ఇదేమీ పెద్ద పని కాదు. అయినా ఆ పొద్దున ఆమె పోసుకున్న టీ తాగకుండానే చల్లారిపోయింది.

కారణం ఉంది. బంగళా కప్పు కారుతోంది. కారడం కొత్తేమీ కాదు. మేడ మీద గదుల్లో బకెట్లు, కుండలు, ఒకప్పుడు దొరలు కాళ్ళు కడుక్కున్న పింగాణీ తొట్టి, అన్నీ వాననీళ్ళ కింద తమ తమ స్థానాల్లో ఏళ్ళుగా స్థిరపడిపోయాయి. కానీ పోయిన చలికాలంలో దూలం ఒకటి వంగింది. ప్రభుత్వం కప్పు బాగుచేయిస్తే సరే, లేకపోతే ఇల్లు అమ్మేయడమేనని ఇంటావిడ మిస్ హెస్టర్ బ్లేక్నీ తేల్చి చెప్పింది. కొనడానికి హోటళ్ళాయన ఒకడు కాచుకుని కూర్చున్నాడు. వచ్చినప్పుడు గేటు పక్కనున్న చిన్న ఇంటిని చూసి, దాన్ని పడగొడితే ఇరవై కార్లు నిలపొచ్చని సంబరపడి వెళ్ళాడు. ఆ చిన్న ఇంట్లో ఉండేది అట్రాక్టా. ఆమె పుట్టింది కూడా అందులోనే.

దీనంతటికీ అడ్డం ఒకే ఒక్క కాగితం. అది పక్క పొలం మాటీ ఫోయ్ రాసిన అభ్యంతరం. పందొమ్మిదేళ్ళ కిందట మాటీ ఎద్దులు ఆరు మిస్ హెస్టర్ పూల మడుల్లో పడి డేలియాలన్నీ మేసేశాయి. మర్నాటికల్లా ఆవిడ సరస్సుకు పోయే దారికి గేటు పెట్టించి తాళం వేయించింది. ఆ దారి తాతల నాటిదని మాటీ, ఆ డేలియాలు తన తల్లి నాటినవని ఆవిడ. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. పదిమంది నడిచే దారి మూసేసిన ఇంటికి పదిమంది సొమ్ముతో కప్పు వేయకూడదని మాటీ డబ్లిన్‌కు ఉత్తరం రాశాడు. తాను వచ్చిన రోజున ఆ అభ్యంతరం వెనక్కి తీసుకున్నట్టు సంతకం దొరక్కపోతే కప్పు సంగతి ఇక మరిచిపోవచ్చని అధికారి ఫోనులో ఎంతో మర్యాదగా చెప్పాడు.

అట్రాక్టా మాటీ ఇంటికి మూడుసార్లు వెళ్ళింది. మొదటిసారి ఆయన టీ ఇచ్చి వాన గురించి మాట్లాడాడు. రెండోసారి టీ, కేకు ఇచ్చి గాలి గురించి మాట్లాడాడు. మూడోసారి ఆమెను దూరం నుంచే చూసి పశువుల కొట్టం వెనక నక్కాడు. గతిలేక ఆమె బెర్నీ లావిన్ దుకాణంలో ఒక కాగితం అంటించింది. గురువారం పొద్దున ఊరివాళ్ళు దయచేసి బంగళాకు వచ్చి, అధికారి ముందు ఇంటి గురించి ఒక మంచి మాట చెప్పాలని, వచ్చేవాళ్ళు కింద పేరు రాయాలని. రెండు వారాల తర్వాత చూస్తే ఆ కాగితం మీద ఒకే ఒక్క రాత ఉంది. కుక్కపిల్లలు అమ్మబడును అని.

ఊరివాళ్ళను అనడానికీ లేదు. మిస్ హెస్టర్ ఎనభై ఒక్క ఏళ్ళలో ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అననిదే నిద్రపోలేదు. ఏడేళ్ళ కిందట ఇలాగే ఒక అధికారి వస్తే, ఆయన బూట్లు చూసి మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగింది. ఆయన ఆ తర్వాత రాలేదు. అందుకే ఈసారి ముందే ఒప్పందం జరిగింది. మిస్ హెస్టర్ జలుబు పేరుతో తన గదిలోనే పడుకుని ఉంటుంది. పిలిచినప్పుడు దిగివచ్చి, వచ్చినందుకు సంతోషం అంటుంది. అంతకు మించి ఇంకో ముక్క అనదు. అయితే ఇంట్లోకెల్లా గొప్ప పైకప్పు ఆవిడ గదిలోదే. సున్నపు ముద్దతో చేసిన పక్షులు, తీగలు, పళ్ళు. దాన్ని చూడ్డానికి అధికారి పైకి వచ్చినా వస్తాడని ఆవిడ లేసు అంచు తెల్లటి రాత్రి గౌను వేసుకుని, మొహానికి పౌడరు రాసుకుని, వెల్లకిలా పడుకుంది. ఎనిమిదింటికి అట్రాక్టా టీ, కాల్చిన రొట్టె మంచం పక్కన పెట్టి వచ్చింది.

తర్వాత మిగిలిన పనులు మొదలుపెట్టింది. ముందు గదుల్లో గోడలకు అంటించిన పాత పట్టు గుడ్డ రంగును తాను పరీక్షించేదాకా దాని మీద ఎండ పడకూడదని అధికారి రాశాడు కాబట్టి, ముందువైపు పదకొండు కిటికీల తెరలూ దించేసింది. హాల్లో గడియారం తొమ్మిదిన్నరకు పదకొండు గంటలు కొట్టే రకం. ఎందుకొచ్చిన తలవంపులని దాన్ని ఆపేసింది. హాల్లో నిలువుటద్దం వెనక పూత పెచ్చులూడిపోయింది. దాని మీద దుప్పటి కప్పింది. తడి గోడలు, ముసలి కుక్క కలిసి తయారుచేసిన వాసన బయటికి పోవడానికి, ఎప్పుడూ మూసి ఉండే వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుని, ఇల్లు ఇప్పుడు మనిషి చూసేలా ఉందనుకుంది.

ఇవే నాలుగు పనులు ఇంకెవరి ఇంట్లోనైనా కనిపిస్తే అట్రాక్టా అక్కడికక్కడే ఆగి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని, ఇంటికెళ్ళి శాండ్‌విచ్‌ల కోసం గుడ్లు ఉడకబెట్టేది. పట్టపగలు ముందు తెరలు దించడం, గడియారం ఆపడం, అద్దం కప్పడం, తలుపు బార్లా తీయడం, ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇవన్నీ కలిపి ఒక్కదానికే చేస్తారు. అది చావుకి. కానీ పనిలో మునిగిన మనిషికి తన ఇల్లు బయటికి ఎలా కనిపిస్తుందో ఎలా తెలుస్తుంది?

పోస్ట్‌మన్ డోనీకి మాత్రం మలుపు తిరగ్గానే కనిపించింది. వ్యాను ఆపి, టోపీ తీసి, ఒక నిమిషం నిలబడ్డాడు. చేతిలో ఉన్న కరెంటు బిల్లు ఇవాళ ఇవ్వడం బాగుండదని దాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకుని, వ్యాను తిప్పి తిన్నగా బెర్నీ దుకాణానికి పోనిచ్చాడు. తొమ్మిదింటికి మొదటి హ్యాము ముక్క కోయడం మొదలైంది. తొమ్మిదిన్నరకు చర్చి హాలు నుంచి పెద్ద టీ బాయిలరు బయలుదేరింది.

పదింటికి బెర్నీ లావిన్ నల్ల కోటు వేసుకుని మూడు పళ్ళాల శాండ్‌విచ్‌లతో మెట్లెక్కింది. వెనకాలే పన్నెండు మంది. అట్రాక్టా తలుపు దగ్గర కొయ్యబారిపోయింది. తన కాగితం మీద ఒక్క పేరూ లేదు, మనుషులు మాత్రం వచ్చేశారు. బెర్నీ పళ్ళాలు పక్కవాళ్ళకు అందించి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఇలాంటి రోజున రాకుండా ఎలా ఉంటాం అట్రాక్టా? నువ్వేమన్నా తిన్నావా అసలు?"

"మీరొస్తారని నేను అనుకోలేదు," అంది అట్రాక్టా. "ఆవిడ మిమ్మల్నందర్నీ అన్ని మాటలన్నాక కూడా..."

"అవన్నీ ఇప్పుడెందుకులే. గొడవలు గేటు బయటే వదిలేసి వచ్చాం."

అట్రాక్టా ఏడ్చేసింది. ఆమె ఏడుపు చూసి ఇంకో ఇద్దరు ఏడ్చారు. ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

పదిన్నరకు హాల్లో నలభై మంది ఉన్నారు. మగవాళ్ళు గోడల వెంట నిలబడి గడ్డి కోతల గురించి చిన్న గొంతుతో మాట్లాడుకుంటున్నారు. ఆడవాళ్ళు వంటిల్లు స్వాధీనం చేసుకున్నారు. అందరూ నల్లబట్టల్లో ఉండడం, అందరి మొహాలూ గంభీరంగా ఉండడం అట్రాక్టా గమనించకపోలేదు. డబ్లిన్ అధికారికి ఇచ్చే మర్యాద అనుకుంది. పైగా వాళ్ళు మిస్ హెస్టర్ గురించి మాట్లాడే మాటలు వింటుంటే ఆమెకు గుండె పొంగిపోతోంది. ఆవిడ నోరు కత్తే గాని చేయి పెద్దదన్నారు. మంచు పడిన ఏడాది బడి పిల్లల కోసం ఈ తోటలో కట్టెలు కొట్టుకోనిచ్చిందన్నారు. ఒకాయనైతే తనను ఆవిడ గాడిదా అన్నది నిజమే గాని అది న్యాయంగానే అన్నదని ఒప్పుకున్నాడు. ఈ మాటలే అధికారి చెవిన పడితే ఇంకేం కావాలని అట్రాక్టా పొంగిపోయింది. పావు తక్కువ పదకొండు దాకా పొంగుతూనే ఉంది.

అప్పుడు వచ్చాడు ల్యూక్ టాన్సీ. ఊళ్ళో ముందువైపు బారు, వెనకవైపు శవపేటికల దుకాణం నడిపే మనిషి. ఆయన మొహం దిగాలుగా కాదు, అలిగినట్టు ఉంది. అట్రాక్టాను మెట్ల కిందకు పిలిచాడు.

"చూడు అట్రాక్టా, మా తాత కాలం నుంచి ఈ ఇంట్లో ఎవరు పోయినా మా పెట్టెలోనే పోయారు. ఇవాళ ఊరంతటికీ తెలిసి నాకు పోస్ట్‌మన్ చెప్తే తెలిసింది. పక్క ఊరివాడికి కబురు పెట్టావా ఏంటి?"

"దేనికి?" అంది అట్రాక్టా.

"దేనికంటావేంటి?" ల్యూక్ జేబులోంచి కొలత టేపు తీశాడు. "ఏ గదిలో పడుకోబెట్టారు? పైదేనా?"

అట్రాక్టా ఆయన చేతిలోని టేపు చూసింది. దుప్పటి కప్పిన అద్దం చూసింది. ఆగిన గడియారం చూసింది. హాల్లో పళ్ళాల మీద పళ్ళాలుగా పేరుకున్న శాండ్‌విచ్‌లు, టోపీలు చేతుల్లో పట్టుకున్న మగవాళ్ళు, దించిన తెరల సందుల్లోంచి పడుతున్న సన్నటి ఎండ, అన్నీ ఒక్కసారిగా చూసింది. వీళ్ళు వచ్చింది కప్పు కోసం కాదు.

వెంటనే నిజం చెప్పేద్దామనే నోరు తెరిచింది. సరిగ్గా అదే క్షణంలో వీధి తలుపులోంచి, పెళ్ళినాటి సూటు వేసుకుని, టోపీ గుండెకు ఆనించుకుని, మాటీ ఫోయ్ లోపలికి అడుగుపెట్టాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత. ఆయన వెనక, దూరంగా, గేటు దగ్గర ఒక కొత్త కారు లోపలికి తిరుగుతోంది.

అట్రాక్టా నోరు మూసుకుంది. ఆవిడ బతికే ఉందని ఇప్పుడు చెప్తే ముందుగా వెనక్కి తిరిగేది మాటీయే. నలభై మందీ పళ్ళాలు సర్దుకుని వెళ్ళిపోతారు, ఈసారి మరీ కోపంగా. చెప్పకపోతే, ఇంటావిడ పోయిందన్న మాట అధికారి చెవిన పడుతుంది. పోయిన మనిషి పెట్టుకున్న దరఖాస్తు ఆ మనిషితోనే పోతుంది. ఎటు చూసినా గేటు పక్క చిన్న ఇల్లు పడిపోయేలాగే ఉంది. ఆమె ల్యూక్‌ను చేయి పట్టుకుని వంట సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, మిస్ హెస్టర్ తండ్రి నాటి విస్కీ సీసా ముందు పెట్టి, పిలిచేదాకా కదలొద్దని బతిమాలింది. అబద్ధం చెప్పలేదు. చెప్పకుండా ఊరుకుంది, అంతే. ఆ రెండింటికీ తేడా ఏమిటని తర్వాత చర్చి ఫాదర్ అడిగినప్పుడు, ఆమె ఆయనకు ఇంకో కప్పు టీ తెస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు.

అధికారి పేరు టోర్మీ. సన్నగా, పొడుగ్గా, ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. లోపలి దారిలో గుంటలో పడి ఆయన కారు చక్రం పగిలింది. మెట్ల మీదే బెర్నీ ఆయన చేయి పట్టుకుని ఎంత కష్టం వచ్చింది బాబూ అంది. ఆ వెనకాలే వరసగా పదిహేను మంది చేతులు కలిపి అదే మాట అన్నారు. ఇంగ్లండ్‌లోనో డబ్లిన్‌లోనో మిస్ హెస్టర్‌కు మేనల్లుడొకడు ఉన్నాడని ఊరందరికీ తెలుసు, వచ్చింది ఆయనే అనుకున్నారు. టోర్మీ మాత్రం ఒక చక్రానికి ఇంత సానుభూతి తన ఉద్యోగ జీవితంలో ఎక్కడా చూడలేదని అట్రాక్టాతో మెల్లగా అన్నాడు.

"ఇంతమంది ఉన్నారేంటండీ ఇవాళ?"

"మావాళ్ళకి ఈ ఇల్లంటే ప్రాణం సార్," అంది అట్రాక్టా, ఆయన మోచేయి పట్టుకుని నేలమాళిగ వైపు నడిపిస్తూ. "ముందు కింద తడి చూడండి. మళ్ళీ వెలుతురు తగ్గిపోతుంది."

నేలమాళిగలో వెలుతురు ఎప్పుడూ లేదు. ఆయన గోడల మీద ఏదో యంత్రం ఆనించి అంకెలు రాసుకుంటుంటే, అట్రాక్టా పైన చెక్క నేల మీద అడుగుల చప్పుడు లెక్కపెడుతూ నిలబడింది. మాటీని ఒక్కణ్ణి పక్కకు పిలవాలి. చావు మాట ఎత్తకుండా సంతకం అడగాలి. ఆయన అధికారితో మాట్లాడకూడదు, అధికారి ఇంకెవరితోనూ మాట్లాడకూడదు, ఎవరూ పైకి వెళ్ళకూడదు. ఇవన్నీ ఒకేసారి ఎలా చేయాలో ఆలోచిస్తుంటే మెట్ల వైపు బరువైన బూట్ల చప్పుడు వినిపించింది. ఒక్క జత బూట్లు. అవి ఆగకుండా పైకి పోతున్నాయి.

ఆమె అధికారిని అక్కడే వదిలి హాల్లోకి పరిగెత్తింది. మాటీ ఎక్కడని అడిగింది.

"పైకి పంపించాను," అంది బెర్నీ, మంచి పని చేసిన మొహంతో. "గొడవ ఉన్నవాడు ముందు వెళ్ళి చేయి తాకి మన్నించమని అడగాలి కదా. నువ్వు హడావిడిలో ఉన్నావని నేనే కొవ్వొత్తి వెలిగించి ఇచ్చా."

ముప్ఫై రెండు మెట్లు. అట్రాక్టా మోకాళ్ళు ఆ సంవత్సరం పదికి మించి ఒప్పుకోవడం లేదు. ఆమె కమ్మీ పట్టుకుని ఎక్కుతుంటే వెనకనుంచి అధికారి గొంతు వినిపించింది. పైనే కదండీ ఆ పేరున్న పక్షులు, నేనూ వస్తున్నా అంటూ ఆయన పొడుగు కాళ్ళతో రెండేసి మెట్లు దాటుకుంటూ వస్తున్నాడు.

గది తలుపు తీసి ఉంది. తెరలు దించి ఉన్నాయి. మంచం పక్కన కొవ్వొత్తి వెలుగుతోంది. మాటీ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. మిస్ హెస్టర్ తెల్ల గౌనులో వెల్లకిలా, నిటారుగా, చేతులు రెండూ గుండెల మీద పెట్టుకుని పడుకుని ఉంది. మొహం సున్నం కొట్టినట్టుంది. ఛాతీ కదలడం లేదు. పక్కనున్న పళ్ళెంలో రొట్టె ముట్టుకోకుండా అలాగే ఉంది.

ఆ రొట్టె దగ్గరే అట్రాక్టా చూపు ఆగిపోయింది. మిస్ హెస్టర్ రొట్టె వదిలేయడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆమె చూడలేదు. ఊరంతా అనుకున్నదే నిజమైందా? తను కింద మనుషుల్ని దాచుకుంటూ తిరుగుతుంటే, ఇక్కడ ఈ మనిషి ఒంటరిగా, ఒక్క కబురైనా లేకుండా వెళ్ళిపోయిందా? కప్పు గుర్తు రాలేదు. గేటు పక్క ఇల్లు గుర్తు రాలేదు. రోజూ పొద్దున టీ చల్లారిందని తిట్టే గొంతు ఒక్కటే గుర్తొచ్చింది. రేపు పొద్దున ఆ తిట్టు ఉండదు. ఆమె మంచానికి ఇవతలి పక్క కూలబడి ఆవిడ చేయి పట్టుకుంది. చేయి మంచులా ఉంది.

ఆ మంచులాంటి చేయి ఆమెను గిల్లింది. గట్టిగా, గోళ్ళు దిగేలా.

అట్రాక్టా నోట్లోంచి వచ్చిన చప్పుడును మాటీ దుఃఖం అనుకున్నాడు. ఊరుకో తల్లీ అన్నట్టు తల ఊపి, తన మాట మళ్ళీ అందుకున్నాడు.

"మా అమ్మ పోయినప్పుడు మీరు ఆ వానలో పొలాలకు అడ్డంపడి సూపు గిన్నె పట్టుకొచ్చారు. నేను తలుపు తీయలేదు మిస్ హెస్టర్. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. మీరు గుమ్మంలో పెట్టేసి వెళ్ళిపోయారు. కుక్కకు పోశానని ఊరంతా చెప్పుకున్నా." ఆయన టోపీ అంచు నలుపుతున్నాడు. "పొయ్యలేదు. పెరట్లో నిలబడి నేనే తాగాను. ఏడుస్తూ తాగాను. అలాంటి సూపు మళ్ళీ ఎక్కడా తాగలేదు. ఎద్దులు కూడా... వాటంతటవి పోలేదు. ఆ రోజు మీరేదో అన్నారని కంచె తీసింది నేనే."

అట్రాక్టా పైకి ఏడుస్తూనే ఉండాలి, కదలకూడదు, చేతిమీద గోళ్ళు ఇంకా వదల్లేదు. తలుపు దగ్గర అధికారి నిలబడి ఉన్నాడు. తల పూర్తిగా వెనక్కి వంచి, నోరు కొంచెం తెరిచి, పైకప్పు చూస్తున్నాడు. ఆ పక్షుల్ని మొదటిసారి చూసినవాళ్ళు కింద మంచం మీద ఎవరున్నారో చూడరు.

మాటీ మోకాళ్ళు పట్టుకుని లేచాడు. వెనక్కి తిరిగి, మేనల్లుడనుకున్న మనిషిని చూశాడు.

"అయ్యా, మీరు డబ్లిన్ వాళ్ళు కదా. ఈ ఇంటి మీద నేనొక ఉత్తరం రాశాను. కప్పు వేయించొద్దని. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే ఎవర్ని కలవాలి?"

అధికారి కళ్ళు దించాడు. "అది నా దగ్గరే ఉందండీ. ఇక్కడ ఒక్క సంతకం చేస్తే చాలు."

మాటీ ఆ కాగితాన్ని మొహం కడుక్కునే బల్ల మీద పెట్టి, కొవ్వొత్తి దగ్గరికి జరిపి, పెన్ను అందుకున్నాడు. పేరు రాయడానికి ఆయనకు పట్టినంతసేపు ఇంకెవరికీ పట్టి ఉండదు. ఫోయ్‌లో చివరి అక్షరం దగ్గర ఆగి, సరిగ్గా ఉందా అని చూసుకుని, మళ్ళీ దిద్దాడు. అధికారి అప్పుడే మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆవిడ నిద్రపోతున్నారా అని అడిగాడు. చూస్తే అలాగే ఉంది కదా పాపం అన్నాడు మాటీ.

"ఆ సూపు వండింది అట్రాక్టా," అంది మిస్ హెస్టర్, లేచి కూర్చుంటూ. "నేను మోసుకొచ్చాను, అంతే."

పెన్ను నేలమీద పడింది. మెట్ల మీద ఎవరి చేతిలోదో పళ్ళెం జారి ముప్ఫై రెండు మెట్లూ దొర్లుకుంటూ పోయింది. విస్కీ అయిపోయి కొలత తీసుకుందామని వచ్చిన ల్యూక్ టాన్సీ తలుపు దగ్గర నిలబడిపోయి, మెల్లగా టేపు చుట్టుకున్నాడు. ఆయన మొహంలో భయం కన్నా నష్టం ఎక్కువ కనిపించింది. మాటీ మాత్రం కదల్లేదు. రంగు పోయిన మొహంతో ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

అధికారి ఆలస్యంగా అర్థం చేసుకునే మనిషే గాని, అర్థమయ్యాక నిజాయితీపరుడు. కింద నల్లబట్టలు, చేతులు కలపడం, పదిహేనుసార్లు విన్న ఆ ఒక్క మాట, అన్నీ వరసగా ఆయన మొహంలోంచి వెళ్ళాయి. ఆయన ఆ కాగితం తీసి మాటీ వైపు చాపాడు. ఈ సంతకం పొరపాటులో పెట్టింది, ఇది చెల్లదు, మీరు చింపేస్తానంటే నేను అడ్డు చెప్పనని అన్నాడు. మాటీ కాగితం అందుకున్నాడు.

తలుపు దగ్గర పదిమంది, మెట్ల మీద ఇరవై మంది, అందరి కళ్ళూ ఆ రెండు మొరటు చేతుల మీదే ఉన్నాయి. ఆ వేళ్ళు ఒక్కసారి బిగిస్తే దూలం పోతుంది, పక్షులు పోతాయి, గేటు పక్కన ఇరవై కార్లు నిలబడతాయి. మిస్ హెస్టర్ గడ్డం పైకెత్తి గోడ వైపు చూస్తోంది. పందొమ్మిదేళ్ళుగా అలాగే చూస్తోంది. అట్రాక్టా ఇంకా ఆవిడ చేయి వదల్లేదు. ఈసారి గిల్లింది అట్రాక్టా.

మిస్ హెస్టర్ ఉలిక్కిపడింది. ఆఖరికి గోడతోనే అన్నట్టు అంది.

"సరస్సు దారి గేటు తాళంచెవి పోయి పదేళ్ళయింది, ఫోయ్. నాకే సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. తాళం నువ్వే పగలగొట్టుకో."

మాటీ కాగితం వైపు చూశాడు. మడత పెట్టాడు. అధికారి చేతిలో పెట్టాడు.

"చనిపోయినవాళ్ళ మంచం దగ్గర అన్న మాట వెనక్కి తీసుకుంటే పైనున్న మా అమ్మ నన్ను బతకనివ్వదు," అన్నాడు. "మీరు బతికి ఉన్నారంటే అది మీ ఇష్టం, మిస్ హెస్టర్. నా మాట మాత్రం నాదే."

ఆ తర్వాత ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. అంత హ్యాము, అన్ని గుడ్లు, మూడు కేకులు, పొంగుతున్న బాయిలరు వదిలేసి వెళ్ళడం అక్కడివాళ్ళ చేత కాదు. పరామర్శ సాయంత్రం దాకా జరిగింది. పోయిన మనిషి గౌను మీద కోటు వేసుకుని పెద్ద కుర్చీలో కూర్చుని, పౌడరు చెదురుతుందని పొద్దున రొట్టె కూడా తినలేదంటూ, శాండ్‌విచ్‌లలో ఉప్పు తక్కువైందని బెర్నీకి చెప్పింది. తన గురించి మంచి మాటలన్నవాళ్ళందర్నీ వరసగా పిలిచి మళ్ళీ అనమంది. సగం మందికి గుర్తు రాలేదు. డోనీ వ్యానులోంచి కరెంటు బిల్లు తెచ్చి ఇచ్చాడు. నలుగురు కలిసి అధికారి కారు చక్రం మార్చారు. అట్రాక్టా వంటింట్లో ఒక మూల స్టూలు మీద కూర్చుని, చేతి మీద ఎర్రగా పడిన నాలుగు గోళ్ళ గుర్తులు చూసుకుంటూ, పొద్దుటినుంచి మొదటిసారి టీ తాగింది. అది చల్లారిపోయి ఉంది. అయినా ఆమెకు అంత బాగా ఏ టీ అనిపించలేదు.

ఆరు వారాలకు డబ్లిన్ నుంచి మంజూరు పత్రం వచ్చింది. వెనకాల నాలుగు పేజీల నివేదిక జతచేసి ఉంది. దూలం గురించి, తడి గురించి, పక్షుల గురించి టోర్మీ వివరంగా రాశాడు. చివరి పేజీలో, ఇంటికీ చుట్టుపక్కల ప్రజలకూ ఉన్న సంబంధం అన్న చోట మాత్రం ఒకే ఒక్క వాక్యం ఉంది.

"తనిఖీ సమయంలో యజమానురాలు సజీవంగా ఉన్నారు, ఇది తప్ప ఇరుగుపొరుగువారికి వేరే అభ్యంతరమేమీ లేదు."